ఎవరి ఇల్లు?

ఇంగ్లండ్‌లో ఒక మనిషి మనసు బాగా చెదిరిపోయి, ఇక ఆసుపత్రిలో చేర్చక తప్పదేమో అన్న పరిస్థితి వస్తే, ముందుగా ఫోన్ వెళ్లేది హోమ్ ట్రీట్‌మెంట్ టీమ్‌కి. కొన్ని ఊళ్లలో దాన్నే క్రైసిస్ టీమ్ అంటారు. నర్సులు, సోషల్ వర్కర్లు, సపోర్ట్ వర్కర్లు, ఒకరిద్దరు సైకియాట్రిస్టులు ఉంటారు. రోజుకోసారి, మొదట్లో అవసరమైతే రెండు మూడు సార్లు, రోగి ఇంటికే వెళ్తారు. మందులు రెండు మూడు రోజులకి సరిపడా మాత్రమే ఇస్తారు, అన్నీ ఒక్కసారే మింగేసే ప్రమాదం ఉంటుంది కనక. నిద్ర పట్టిందా, ఏమన్నా తిన్నారా, చచ్చిపోవాలన్న తలపు వస్తోందా అని అడుగుతారు. కొన్ని వారాలకి మనిషి కుదుటపడితే మామూలు కమ్యూనిటీ టీమ్‌కో ఫ్యామిలీ డాక్టరైన జీపీకో అప్పజెప్పి తప్పుకుంటారు. వార్డులో మంచం ఇవ్వాలా వద్దా అన్నది కూడా చాలావరకు ఈ టీమ్ మాట మీదే నడుస్తుంది.

నేను అలాంటి ఒక టీమ్‌లో సైకియాట్రిస్టుని. మిడ్‌లాండ్స్‌లో ఒక నగరం. మేం చూసేవాళ్లలో సగం మందికి పైగా జమైకా, పాకిస్తాన్ వైపు కశ్మీర్‌లోని మీర్‌పూర్, పంజాబ్, సోమాలియా, ఈ మధ్య గుంటూరు, ఖమ్మం నుంచి కూడా వచ్చినవాళ్లు, లేదా వాళ్ల పిల్లలు. ఇక్కడ రాస్తున్న మనుషుల వివరాలు ఎవరికీ ఆనవాలు దొరక్కుండా మార్చాను. వాళ్ల దగ్గర నేర్చుకున్నది మాత్రం మార్చలేదు.

ఇంట్లోనే వైద్యం అన్న ఆలోచన ఎంత గొప్పదో ముందు చెప్పాలి. 1970ల్లో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో లెనార్డ్ స్టైన్, మేరీ ఆన్ టెస్ట్ అనే ఇద్దరు, వార్డులో పడాల్సిన రోగుల్ని ఊళ్లోనే ఉంచి, సిబ్బందినే వాళ్ల దగ్గరికి పంపి చూశారు. సిడ్నీలో జాన్ హౌల్ట్ దాన్ని మళ్లీ చేసి చూపించి, తరవాత బ్రిటన్ వచ్చి ఇక్కడి టీమ్‌లకి దారి వేశాడు. ప్రభుత్వ ఆరోగ్య సేవల కోసం 2000లో వచ్చిన ఎన్‌హెచ్‌ఎస్ ప్లాన్, ఇంగ్లండ్ అంతటా 335 టీమ్‌లు పెట్టాలని లక్ష్యం పెట్టుకుంది. 2005లో సోనియా జాన్సన్ బృందం ఉత్తర ఇస్లింగ్టన్‌లో 260 మందితో చేసిన పరిశోధన, ఇలాంటి టీమ్ ఉన్నచోట ఆసుపత్రిలో చేరేవాళ్లు తగ్గుతారని నిరూపించింది. తాళాలు వేసిన వార్డులో, పరాయి మనుషుల అరుపుల మధ్య, చేతిలో ఫోన్ కూడా లేకుండా మొదటి రాత్రి గడిపిన మనిషిని ఎవరినైనా అడగండి, సొంత మంచం మీద పడుకుని కోలుకోవడం ఎంత వరమో చెప్తారు. నేను ఆ పనిలోకి వచ్చింది ఆ నమ్మకంతోనే. ఆ నమ్మకం ఇప్పటికీ ఉంది. కాకపోతే ఇంట్లోనే వైద్యం అన్న మాటలో 'ఇల్లు' అన్న చోట నా ఆలోచన ఆగిపోయేది కాదు. వైద్యం గురించే ఆలోచించేవాణ్ణి. ఇంటి సంగతి నాకు ఇళ్లే నేర్పాయి.

మొదటిది ఒక జమైకన్ తల్లి ఇల్లు.

ఆవిడకి డెబ్బై అయిదు దాటాయి. చిన్నతనంలో ఓడ దిగి, ఎదిగి నర్సై, ఈ దేశపు ఆసుపత్రుల్లోనే జీవితమంతా రాత్రి డ్యూటీలు చేసి రిటైరయ్యారు. నలభై దాటిన కొడుకు ఆవిడ దగ్గరే ఉంటాడు. బస్సు నడిపేవాడు. పదిహేనేళ్లుగా జబ్బు వస్తూ పోతూ ఉంది. ఈసారి మందులు మానేసి నాలుగు వారాలైంది, రాత్రిళ్లు నిద్ర లేదు, గోడల్లోంచి మాటలు వినిపిస్తున్నాయంటున్నాడు. జీపీ మాకు రాశారు. నేనూ, ఒక నర్సూ వెళ్లాం.

తలుపు తీశారు గానీ ఆవిడ మమ్మల్ని లోపలికి పిలవలేదు. మెట్ల పక్కన ఇరుకు నడవలో నిలబెట్టారు. ఎడమ పక్క తలుపు సగం తెరిచి ఉంది. లోపల గది కనిపిస్తోంది. కుర్చీల మీద క్రోషే అల్లిక గుడ్డలు, అద్దాల బీరువాలో ఎప్పుడూ వాడని గాజు గ్లాసులు, గోడకి క్రీస్తు కడపటి విందు పటం. కరీబియన్ కుటుంబాల్లో ఆ ముందు గదికి ఒక మర్యాద ఉంది. ఇంట్లో పిల్లలు కూడా ఊరికే అడుగు పెట్టరు. పాస్టరుగారికి, సంబంధం మాట్లాడ్డానికి వచ్చినవాళ్లకి, చావు పరామర్శకి వచ్చినవాళ్లకి తెరుస్తారు. నల్లవాళ్లకి అద్దెకి గది కూడా ఇవ్వని రోజుల్లో వచ్చిన తరం, తమకంటూ ఒక ఇల్లు ఏర్పడ్డాక ముందు అమర్చుకున్నది ఆ గదినే. మైకేల్ మెక్‌మిలన్ అనే కళాకారుడు 2005లో లండన్‌లోని జెఫ్రీ మ్యూజియంలో సరిగ్గా అలాంటి గదినే ప్రదర్శనగా నిలబెడితే, చూడ్డానికి వచ్చినవాళ్లు తమ అమ్మమ్మల్ని తలుచుకున్నారు.

మేం అతిథులం కాదని ఆవిడ నడవలో నిలబెట్టే చెప్పేశారు. కారణం అడక్కుండానే చెప్పారు కూడా. అయిదేళ్ల కిందట ఆ తలుపు లోంచే పోలీసులు వచ్చారు. మెంటల్ హెల్త్ యాక్ట్‌లో 135వ సెక్షన్ అని ఒకటుంది. మేజిస్ట్రేటు వారంటు ఇస్తే, పోలీసులు ఒక డాక్టరుతో, అనుమతి పొందిన ఒక మానసిక ఆరోగ్య ఉద్యోగితో కలిసి ఇంట్లోకి రావచ్చు, అవసరమైతే తలుపు బద్దలు కొట్టి. ఆవిడ ఇంటికి ఆరుగురు వచ్చారట. కొడుకుని ఆ నడవలోనే కింద పడేసి చేతులకి బేడీలు వేశారట. వీధి వీధంతా కిటికీల్లోంచి చూసింది. "నేను నలభై ఏళ్లు మీ ఆసుపత్రుల్లో పనిచేశాను. నా బిడ్డని నేనే తీసుకొచ్చేదాన్ని. ఎవరూ అడగలేదు" అన్నారు.

ఆవిడ భయం ఆవిడ ఒక్కరి అనుభవంలోంచి పుట్టింది కాదు. 2022–23 లెక్కల ప్రకారం ఇంగ్లండ్‌లో నల్లజాతివాళ్లని ఈ చట్టం కింద నిర్బంధించే రేటు తెల్లవాళ్ల కంటే మూడున్నర రెట్లు. అంతకు ముందు 2018లో సర్ సైమన్ వెస్లీ నాయకత్వంలో చట్టాన్ని సమీక్షించిన కమిటీ దాన్ని నాలుగు రెట్ల పైమాటే అని రాసింది. ఇంత తేడాకి కారణం ఏమిటన్నది పెద్ద చర్చ. పేదరికం, ఇరుకు ఇళ్లు, స్కూల్లోనూ ఉద్యోగంలోనూ వివక్ష మనసుని విరవడం, విరిగాక సాయం అడగడానికి భయపడి జబ్బు ముదిరేదాకా ఆగడం, ఆఖరికి పోలీసుల చేతుల మీదుగా వార్డుకి చేరడం, అన్నీ ఒకదాన్నొకటి పెంచుకుంటూ పోతాయి. శ్రీలంక నుంచి వచ్చిన సైకియాట్రిస్టు సుమన్ ఫెర్నాండో దశాబ్దాల పాటు రాసింది ఈ సంగతే.

ఇంకొక పేరు కూడా ఆవిడ నోట వచ్చింది. రాకీ బెనెట్. 38 ఏళ్ల జమైకన్ వ్యక్తి. 1998 అక్టోబరు 30 రాత్రి నారిచ్‌లోని ఒక సురక్షిత వార్డులో, ఇంకొక రోగి అతని రంగుని తిట్టడంతో మొదలైన గొడవ తరవాత, సిబ్బంది అతన్ని బోర్లా పడేసి సుమారు 25 నిమిషాలు నొక్కి పట్టుకున్నారు. అతను చనిపోయాడు. విచారణ జరిపిన కమిటీ, మానసిక వైద్య సేవల్లో సంస్థాగతమైన జాతి వివక్ష ఉందని 2004లో బయటికి వచ్చిన నివేదికలో తేల్చి చెప్పింది. ఇక్కడి తెల్ల కుటుంబాల్లో ఆ పేరు తెలిసినవాళ్లు నాకు పెద్దగా తగల్లేదు. నల్ల కుటుంబాల్లో తెలియనివాళ్లు తగల్లేదు. మా మెడలో వేలాడే గుర్తింపు కార్డుని మేం ఒక రకంగా చూస్తాం, వాళ్లు ఇంకో రకంగా చూస్తారు.

ఆవిడతో మా నర్సు మర్యాదగానే చెప్పింది, ఇది హోమ్ ట్రీట్‌మెంట్ అనీ, బలవంతం ఏమీ లేదనీ, మీ అబ్బాయి ఒప్పుకుంటేనే అనీ. ఆవిడ విన్నారు. విని, "ఒప్పుకోకపోతే?" అన్నారు.

ఎవరమూ వెంటనే మాట్లాడలేదు.

"నా కొడుకు ఒప్పుకున్నాడని మీ కాగితంలో రాసుకుంటారు. కాదంటే ఏమవుతుందో అది కూడా చెప్పి, అప్పుడు అడగండి."

ఇరవై ఏళ్ల వైద్యంలో సమ్మతి గురించి నాకు ఇంత సూటిగా పాఠం చెప్పినవాళ్లు లేరు. చెప్పాను. అతను మందులు వద్దంటే ఇవాళే ఏదో అయిపోదు. రేపూ ఎల్లుండీ వస్తాం. జబ్బు ముదిరి, తనకో ఇతరులకో ప్రమాదం అనిపిస్తే, మేం చట్టం ప్రకారం పరీక్ష అడగాల్సి రావచ్చు. ఇద్దరు డాక్టర్లు, ఒక మానసిక ఆరోగ్య ఉద్యోగి వచ్చి చూస్తారు. సెక్షన్ 2 కింద 28 రోజుల దాకా ఆసుపత్రిలో ఉంచే అధికారం వాళ్లకి ఉంది. ఆ అధికారం వాడాల్సిన అవసరం రాకుండా చూడ్డానికే మేం వచ్చాం, కానీ అది ఉందన్నది నిజం. అలాంటి మాట అనుకుంటే పోలీసులు రాకముందే మీ ఇద్దరికీ నేనే ఫోన్ చేసి చెప్తాను.

మెట్ల మీద నుంచి కొడుకు గొంతు వినిపించింది. అతను మొదటి నుంచీ అక్కడే కూర్చుని ఉన్నాడు. "నాకు ఇన్నేళ్లలో ఎవరూ ఇలా ముందే చెప్పలేదు" అన్నాడు. కిందికి రాలేదు. అక్కడినుంచే షరతులు పెట్టాడు. వచ్చే ముందు ఫోన్ చెయ్యాలి. కారు రెండు ఇళ్ల అవతల ఆపాలి. మెడలో కార్డు వీధిలో కనపడకూడదు. రోజుకో కొత్త మనిషిని పంపకూడదు. మాత్ర మింగాక నోరు తెరిచి చూపించమని అడగకూడదు, మింగానంటే మింగినట్టే.

మొదటి మూడూ సులువు. నోరు తెరవమనడం గురించి మా టీమ్‌లో చాలాసేపు వాదన జరిగింది, చివరికి అతని మాటే ఉంచాం. అసలు కష్టం నాలుగోది. మా పని షిఫ్టుల్లో నడుస్తుంది. పొద్దున ఒకరు, సాయంత్రం ఒకరు, వారాంతం ఇంకొకరు. ఏ రోగినైనా ఈ చికిత్స గురించి అడగండి, మొదటి ఫిర్యాదు అదే అవుతుంది. ఎవరొస్తారో తెలీదు, వచ్చిన ప్రతివాళ్లకీ మొదటినుంచి చెప్పుకోవాలి. అయితే తెల్ల రోగి కొత్త ముఖానికి తన జబ్బు ఒక్కటే చెప్పుకుంటాడు. ఈ మనిషి తన జబ్బుతో పాటు తనవాళ్ల చరిత్రని, ఆ గొంతు ఎందుకు పెద్దగా ఉంటుందో, ప్రార్థనలో తల్లి ఎందుకు కేకలు పెడుతుందో, తను ఎందుకు కళ్లలోకి చూసి మాట్లాడలేకపోతున్నాడో, అన్నీ ప్రతిరోజూ మళ్లీ విడమర్చాలి. ఒకరోజు వచ్చిన సిబ్బందిలో ఒకరు ఆవిడ ప్రార్థన విని, ఇంట్లో మతపరమైన ఆవేశం ఎక్కువగా ఉందని రాసేసి వెళ్లారు. ఆ వాక్యం ఫైలులో ఉండిపోతుంది. రేపు వచ్చే మనిషి ముందు దాన్ని చదివే తలుపు తడతారు.

షిఫ్టుల పట్టిక తిరగేసి ఇద్దర్ని ఖాయం చేశాం, మూడోవాళ్లు తప్పనిసరైతే ముందు రోజే పేరు చెప్పేటట్టు. రెండో వారంలో ఒక సాయంత్రం ఆవిడ మాకు ముందు గది తలుపు తీశారు. అల్లం బీరు పోసిచ్చారు. కొడుకు కూడా వచ్చి కూర్చున్నాడు. ఆ విడత జబ్బు వార్డుకి వెళ్లకుండానే తగ్గింది. తరవాతి ఏడాది తిరగబెట్టింది, అప్పుడు వార్డు తప్పలేదు, కాకపోతే తల్లితో కలిసి తనే టాక్సీలో వెళ్లి చేరాడు. నా దృష్టిలో రెండోదే పెద్ద విజయం. మా లెక్కల్లో మాత్రం మొదటిది విజయం, రెండోది వైఫల్యం కింద పడుతుంది. హోమ్ ట్రీట్‌మెంట్ టీమ్‌ని ఎంతమందిని ఆసుపత్రికి వెళ్లకుండా ఆపింది అన్న ఒక్క అంకెతో కొలవడం మానాలని అప్పటినుంచీ ప్రతి సమావేశంలో అడుగుతూనే ఉన్నాను.

ఆ తల్లికి ఇల్లంటే ఆఖరి కోట. దాన్ని కాపాడుకోవడానికే ఆవిడ నడవలో నిలబడ్డారు. అందరికీ ఇల్లు అలా ఉండదని చెప్పిన ఇల్లు రెండోది.

ఆ ఇంటి సంగతికి ముందు ఒక మాట. నేను చదువుకున్నది విశాఖ చినవాల్తేరు మానసిక వైద్యశాలలో. మన దగ్గర రోగి పక్కన ఇంటి మనిషి ఒకరు ఉంటారు. అన్నం తినిపించేది, రాత్రి కాపలా ఉండేది, డాక్టరుకి కబురు చెప్పేది వాళ్లే. 1950ల్లో అమృత్‌సర్ మానసిక వైద్యశాలలో డాక్టర్ విద్యాసాగర్ ఆసుపత్రి ఆవరణలో డేరాలు వేయించి రోగుల కుటుంబాల్ని అక్కడే ఉంచాడు. ఆ మార్గం వెల్లూరుకీ పాకింది. కుటుంబాన్ని వైద్యంలో కలుపుకోవడం పాశ్చాత్యులు మన దగ్గర నేర్చుకోవలసిన విద్య అని మా గురువులు గర్వంగా చెప్పేవారు. ఆ గర్వంలో నిజం ఉంది. ఇక్కడి వార్డుల్లో తల్లిదండ్రుల్ని గంట సేపు చూడనిచ్చి పంపేయడం చూసినప్పుడల్లా నాకు ఆ డేరాలు గుర్తొస్తాయి.

ఈ రెండో ఇంట్లో పేషెంటు ఇరవై నాలుగేళ్ల అమ్మాయి. మీర్‌పూర్ నుంచి పెళ్లై వచ్చి మూడేళ్లు. బిడ్డ పుట్టి అయిదు నెలలు. తిండి లేదు, నిద్ర లేదు, బిడ్డని ఎత్తుకోవడం లేదు, ఒకరోజు మేడ మీద కిటికీ ఎక్కబోయింది. మీర్‌పూర్ వాళ్లు ఇంగ్లండ్‌కి ఇంతమంది రావడానికి ఒక కారణం మంగళా డ్యామ్. 1960ల్లో ఆ జలాశయం కింద ఊళ్లకి ఊళ్లే మునిగి లక్షమందికి పైగా నిర్వాసితులయ్యారు, చాలామంది ఇక్కడి మిల్లులకీ ఫౌండ్రీలకీ చేరారు. నాగార్జునసాగర్, శ్రీశైలం కింద మునిగిన ఊళ్ల సంగతి ఎరిగిన మనకి ఆ కుటుంబాలు ఒకరినొకరు ఎందుకంత గట్టిగా పట్టుకుని ఉంటాయో వేరే చెప్పక్కర్లేదు.

ఆ ఇంట్లో మాకు నడవ శిక్ష లేదు. అత్తగారు మమ్మల్ని సోఫాలో కూర్చోబెట్టి పరాఠాలు, టీ పెట్టారు. ఆడపడుచు ఇంగ్లీషు బాగా మాట్లాడుతుంది, వదిన చెప్పేది తనే మాకు చెప్పింది. వదిన రెండు మాటలంటే ఆడపడుచు నాలుగు వాక్యాలు చెప్పేది. ఒక్కోసారి వదిన చాలాసేపు మాట్లాడితే, "బాగానే ఉందట, కొంచెం నీరసం" అని తేల్చేసేది. బయటి దుబాసీని ఫోన్లో పెట్టాం. ఆ అమ్మాయి పూర్తిగా నోరు మూసేసింది. ఎందుకో తరవాత తెలిసింది. ఆ దుబాసీ ఇదే ఊరివాడు, గొంతు విని ఎవరి తాలూకో అని భయపడింది.

అసలు మాట బయటికి వచ్చింది ఇంట్లో కాదు. బిడ్డకి టీకా వేయించడానికి జీపీ దగ్గరికి వచ్చినప్పుడు, బిడ్డని నర్సు గదిలోకి తీసుకెళ్లాక, వేరే ఊరి దుబాసీని ఫోన్లో పెట్టి పది నిమిషాలు ఒంటరిగా మాట్లాడించాం. "మీరు రోజూ ఇంటికి వస్తున్నారు. నేను ఇంట్లో బాగవ్వను. నాకు ఇలా అయింది ఆ ఇంట్లోనే" అంది.

అత్తగారిని విలన్ని చెయ్యడం చాలా సులువు. ఇక్కడి మా సహోద్యోగులు కొందరు మొదటి రోజే ఆ పని చేసేశారు కూడా, ముస్లిం ఇల్లు అనగానే వాళ్ల మనసులో ఒక బొమ్మ సిద్ధంగా ఉంటుంది. నేను అది ఒప్పుకోను. ఆవిడ కూడా పదిహేడేళ్లకి ఇలాగే పరాయి చలిలోకి కాపురానికి వచ్చినావిడే. ఆవిడ రెండు భయాల మధ్య నలిగిపోతున్నారు. సంగతి సోషల్ సర్వీసెస్ దాకా పోతే మనవణ్ణి తీసుకెళ్లిపోతారని ఒకటి, ఇంట్లో పిచ్చి ఉందని తెలిస్తే పెళ్లి కావలసిన కూతురికి సంబంధాలు రావని ఇంకొకటి. ఇలాంటి తల్లులు మన గుంటూరులోనూ ఉన్నారు, ఈ నగరంలోని తెల్ల కుటుంబాల్లోనూ నేను చూశాను.

అయినా కోడలు చెప్పింది నిజం. వైద్యం జరగాల్సిన చోటు ఆమెకి ఇల్లు కాదు. చట్టం కూడా ఆమె పక్షాన పెద్దగా లేదు. మెంటల్ హెల్త్ యాక్ట్ ప్రకారం 'నియరెస్ట్ రిలేటివ్' అని ఒకరుంటారు, ఆసుపత్రిలో చేర్చమని కోరడానికీ, విడుదల చెయ్యమనడానికీ వాళ్లకి అధికారం ఉంటుంది. పెళ్లైనవాళ్లకి ఆ స్థానం భార్యదో భర్తదో. రోగి ఇష్టంతో పని లేదు. వెస్లీ కమిటీ 2018లోనే, ఆ మనిషిని రోగే ఎంచుకునేటట్టు చట్టం మార్చమని చెప్పింది. అలా చెప్పడం వెనక ఇలాంటి అమ్మాయిలు ఎంతమంది ఉన్నారో నేను ఊహించగలను.

లండన్ ఇస్లింగ్టన్‌లో డ్రేటన్ పార్క్ అని ఆడవాళ్ల కోసమే ఒక క్రైసిస్ హౌస్ ఉంది. 1995లో పెట్టారు. వార్డు కాదు, మామూలు ఇల్లు. పిల్లలతో సహా వెళ్లి ఉండొచ్చు. అలాంటిది ప్రతి పెద్ద ఊళ్లో ఉండాలి. మాకు అందుబాటులో లేదు. అందుకని మేం ఆమెని ఇంట్లో చూడడం మానేశాం. పిల్లల సెంటర్లో ఒక గది అడిగి అక్కడికి రమ్మన్నాం. బిడ్డ బరువు చూడ్డానికి అనే కారణం అత్తగారికీ సమ్మతమైంది, అది అబద్ధమూ కాదు. అత్తగారితో విడిగా మాట్లాడడానికి ఒక పెద్ద వయసు పంజాబీ నర్సు వెళ్లేది, బిడ్డని ఎవరూ ఎత్తుకుపోరని, ఎత్తుకుపోవాల్సిన పరిస్థితులు ఎలా ఉంటాయో, ఇవి ఎందుకు అలాంటివి కావో ఓపిగ్గా చెప్పేది. ఆ అమ్మాయి కోలుకోవడానికి మూడు నెలలు పట్టింది. మా గడువు ఆరు వారాలు. గడువు పొడిగించమని నేను రాసిన ఉత్తరాలకి అనుమతి వచ్చింది గానీ, ప్రతిసారీ ఎందుకు ఇంటికి వెళ్లడం లేదని ఎవరో ఒకరు అడుగుతూనే ఉన్నారు.

ఇంట్లో వైద్యం అన్నప్పుడు ఆ ఇల్లు రోగిదేనని మేం అనుకుంటాం. ఆ ఇంటి తలుపు తీసే అధికారం ఎవరిది, గదిలోంచి లేచి వెళ్లమనగలిగేది ఎవరు, గొంతు తగ్గించకుండా మాట్లాడగలిగేది ఎవరు అన్నది మందు రాయడానికి ముందు తెలుసుకోవలసిన సంగతి. జమైకన్ తల్లి ఇంట్లో మేం ఇంటివాళ్ల అధికారాన్ని గుర్తించాల్సి వచ్చింది. ఇక్కడ అదే అధికారం నుంచి ఒక మనిషిని పక్కకి తీసుకురావాల్సి వచ్చింది. రెండుచోట్లా ఒకే పద్ధతిలో వెళ్లుంటే ఎవరో ఒకరు మునిగేవారు.

సిబ్బందిలో రోగుల జాతివాళ్లనే పెడితే సరిపోతుంది కదా అంటారు చాలామంది. 1983లో జాఫర్ కరీం లండన్‌లో నఫ్సియాత్ అనే కేంద్రం పెట్టి, వలస వచ్చినవాళ్లకి వాళ్ల సంస్కృతి తెలిసిన చికిత్స అందించాలని చేసిన పని ఎంత అవసరమో నాకు తెలుసు. కానీ మనవాడే వచ్చాడు అన్న మాట అందరికీ ఊరట ఇవ్వదు. దీన్ని నాకు నేర్పింది ఒక తెలుగు కుర్రాడు.

ఎమ్మెస్సీ చదవడానికి వచ్చినవాడు. మూడు పడక గదుల ఇంట్లో ఏడుగురు. ఇతను హాల్లో పరుపు వేసుకుని పడుకుంటాడు. రాత్రి గిడ్డంగిలో పని, పగలు క్లాసు, ఊళ్లో నాన్న చేసిన అప్పు. పరీక్ష పోయాక నాలుగు రోజులు లేవలేదు. స్నేహితుడు ఆరోగ్య సాయం కోసం ఉన్న 111కి ఫోన్ చేసి 2 నొక్కితే మా దాకా వచ్చింది. తెలుగు డాక్టరు ఉన్నాడని మావాళ్లు సంబరంగా నన్నే పంపారు. తలుపు దగ్గర నా పేరు చూసి తెలుగులో అడిగాడు, "సార్, మీది ఏ ఊరండీ?" చెప్పాను. మొహం మారిపోయింది. మా ఊరికి పక్క మండలంలో అతని మేనమామ ఉన్నాడు.

"ఏమనుకోకండి సార్. వేరే ఎవరన్నా వస్తారా? ఇంగ్లీషువాళ్లైనా పర్లేదు."

అతని భయాలు నాకు అర్థమయ్యాయి, ఎందుకంటే ఆ భయాలు నా ఊరివే. నాన్నకి తెలుస్తుంది. ఇంట్లో మిగతా ఆరుగురికి తెలిస్తే ఊళ్లో అందరికీ తెలుస్తుంది. వీసా పోతుంది. అద్దె ఇంటి పెద్దమనిషి బయటికి పొమ్మంటాడు. ఇందులో కొన్ని నిజం కావు. అతని అనుమతి లేకుండా ఇంట్లోవాళ్లకి మేం ఒక్క ముక్క చెప్పం. వైద్యం చేయించుకున్నంత మాత్రాన వీసా పోదు. ఏడాదికి 776 పౌండ్లు ఆరోగ్య సర్‌చార్జి కట్టి వచ్చినవాడు, ఈ వైద్యం అతను కొనుక్కున్న హక్కు. క్లాసుకి వెళ్లలేకపోతున్నానని మాత్రం యూనివర్సిటీకి ముందే చెప్పుకోవాలి, చెప్పకపోతేనే చిక్కు. ఇవన్నీ గుమ్మం బయట నిలబడి తెలుగులోనే చెప్పాను, ఎందుకంటే లోపల హాల్లో ముగ్గురు టీవీ చూస్తున్నారు, మంచం దగ్గర మాట్లాడ్డానికి మంచమే లేదు. తరవాత నేను తప్పుకుని ఒక ఐరిష్ నర్సుకి అప్పజెప్పాను. ఆమె అతన్ని రోజూ యూనివర్సిటీ లైబ్రరీ పక్కనున్న కౌన్సెలింగ్ గదిలో చూసేది. నేను ఫైలు చూసి మందులు రాసేవాణ్ణి. రెండు వారాలయ్యాక అతనే నన్ను చూడాలని అడిగాడు, తెలుగులో చెప్పాల్సినవి కొన్ని ఉన్నాయని.

ఇప్పుడు మా టీమ్‌లో మొదటిసారి వెళ్లే ముందు ఫోన్లోనే కొన్ని అడుగుతున్నాం. ఎక్కడ కలవాలి, ఆ గదిలో ఎవరుండాలి, ఎవరుండకూడదు, మీ భాష వచ్చిన మనిషి కావాలా లేక ఆ భాష రాని మనిషి కావాలా, ఇంతకుముందు ఇలాంటివాళ్లు ఇంటికొస్తే ఏం జరిగింది. ఆఖరి ప్రశ్నకి వచ్చే జవాబులు పొడుగ్గా ఉంటాయి. టైము లేదని విసుక్కునేవాళ్లు ఉన్నారు. రోజుకి పది ఇళ్లు తిరగాలి, నిజంగానే టైము ఉండదు. అయినా ఆ ఫోన్ మానడానికి నేను ఒప్పుకోలేదు.

ఆ కుర్రాడు మూడో వారంలో వాళ్ల అమ్మకి ఫోన్ చేస్తానన్నాడు. నన్ను పక్కన ఉండమన్నాడు. కాసేపు అతనే మాట్లాడి, మధ్యలో ఫోన్ నాకిచ్చాడు. ఆవిడ ఏడవలేదు. నేను చెప్పింది విని, "మేం వస్తే వాడికి మంచిదాండీ, వద్దంటారా?" అని అడిగారు. నేను కుర్రాడి వైపు చూశాను. తల ఊపాడు, అమ్మ ఒక్కతే అన్నాడు. విజిటర్ వీసాకి ఆసుపత్రి నుంచి ఉత్తరం ఉంటే మంచిదన్నారు. ఏం రాయాలో, ఏం రాయకూడదో అతన్నే అడిగి, మర్నాడు రాసిచ్చాం.